బ్లేడ్ కాలుతో పరుగు ఎలా మొదలుపెట్టాలి: బెజవాడ ఎండలో నేర్చుకున్న పాఠాలు

పోయిన వారం గుంటూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, పరిగెత్తాలని ఉంది, ఏ బ్లేడ్ తీసుకోమంటావ్?" అన్నాడు. బ్లేడ్ అంటే పరుగు కోసం కార్బన్ ఫైబర్‌తో వంపుగా చేసిన కృత్రిమ కాలు. కాలు తీసి ఎన్నాళ్లయింది తమ్ముడూ అంటే ఐదు నెలలన్నాడు. ఇప్పుడు వేసుకుంటున్న కాలుతో ఎంత దూరం నడుస్తున్నావంటే, బ్రాడీపేటలో రెండు లైన్లు దాటేసరికి స్టంప్, అంటే తీసేయగా మిగిలిన కాలు, మంట పుట్టేస్తోందన్నాడు. మరి ఆ మంట సంగతి తేలకుండా బ్లేడ్ ఎందుకు నాయనా అని గట్టిగానే అడిగేశాను, పాపం కాసేపు మాట్లాడలేదు. తర్వాత అరగంట కూర్చోబెట్టి చెప్పిందంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇలాంటి ఫోన్లు నాకు నెలకి రెండు మూడు వస్తాయి, అందరూ అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

నాది కుడి కాలు, మోకాలి కింద. హైవే మీద లారీ, అంతకంటే చెప్పడానికేం లేదు. ఏడేళ్లయింది, అందులో నాలుగేళ్లుగా పరిగెత్తుతున్నాను. నేను డాక్టర్నీ కాదు, కాళ్లు తయారుచేసేవాణ్నీ కాదు. కాబట్టి ఇందులో ఏది చేసే ముందైనా మీ డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. ముఖ్యంగా షుగర్ వల్ల కాలు పోయినవాళ్లు, ఎందుకంటే మీకు పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు, రెండో కాలు కూడా జాగ్రత్తగా కాపాడుకోవాలి.

ముందు నడక తేల్చుకోండి

పరుగులో ఒక్కో అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు భారం స్టంప్ మీద పడుతుంది. నడకకే ఓర్చుకోని చర్మం దాన్నెలా ఓర్చుకుంటుంది? అందుకని ముందు ఈ పరీక్ష పెట్టుకోండి. మామూలు కాలు వేసుకుని, కర్ర లేకుండా, ఆగకుండా అరగంట నుంచి ముప్పావు గంట నడవండి. ఇంటికొచ్చి కాలు విప్పి, లైనర్ (స్టంప్‌కి తొడుక్కునే సిలికాన్ తొడుగు) తీసి, స్టంప్ అంతా చూసుకోండి, కిందివైపు కనపడదు కాబట్టి అద్దం పెట్టుకోండి. ఎర్రగా కందిన చోట్లు ఉంటే టైం చూడండి. పది పదిహేను నిమిషాల్లో ఆ ఎరుపు పోతే పర్వాలేదు. అంతకుమించి నిలబడినా, ఒకేచోట గుండ్రంగా మండుతున్నా మీ సాకెట్ (కృత్రిమ కాలులో స్టంప్ కూర్చునే పైభాగం) ఎక్కడో తేడాగా ఉందన్నమాట. పరుగు మాట తర్వాత.

ఆపరేషన్ అయిన మొదటి ఏడాది స్టంప్ సైజు మారుతూనే ఉంటుంది. వాపు దిగుతుంది, కండ తగ్గుతుంది, జనవరిలో బిగుతుగా ఉన్న సాకెట్ జూన్‌కి గిలకలా కదులుతుంది. ఆ దశలో లక్షలు పోసి పరుగు సాకెట్ చేయించుకుంటే ఆర్నెల్లకి అది మూలన పడుతుంది. కాలు తీసి ఐదు నెలలే అయిన ఆ గుంటూరు కుర్రాణ్ని ఆగమన్నది అందుకే. ఎముక చివర ముల్లులా పెరిగినా, నరం చివర ముడిలాగా గడ్డ కట్టి తాకితే షాక్ కొట్టినట్టున్నా అది వ్యాయామంతో పోయే బాధ కాదు, డాక్టర్ చూడాలి. మన దగ్గరలో మంగళగిరి ఎయిమ్స్‌లో ఫిజికల్ మెడిసిన్ విభాగం ఉంది, ఇలాంటి వాటికి వెళ్లాల్సింది అక్కడికి. ఎముకల డాక్టర్ చూడాల్సిందైతే వాళ్లే పంపిస్తారు.

తుంటి, పిరుదు, పొట్ట

ఈ పని ఇంట్లో చాప మీద చేసుకునేది, పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చెయ్యరు.

మడమ, పిక్క బలం లేని కాలిని ముందుకు నెట్టేది పిరుదు కండరం. అది బలంగా లేకపోతే ఎంత ఖరీదైన బ్లేడ్ తగిలించినా కుంటుతూనే ఉంటారు. ఆస్పత్రిలో, ఆ తర్వాత ఇంట్లో నెలల తరబడి కూర్చునే ఉంటాం కదా, తుంటి ముందు భాగం బిగుసుకుపోతుంది, తొడ వెనక్కి పోదు. తొడ వెనక్కి పోకపోతే పరుగు లేదు. రోజూ రెండుసార్లు, పది పదిహేను నిమిషాల చొప్పున బోర్లా పడుకోండి. స్టంప్ కింద దిండు పెట్టుకునే అలవాటుంటే ఈ రోజే మానేయండి, హాయిగా ఉంటుంది గానీ మోకాలు, తుంటి రెండూ వంగిపోయి అలాగే ఉండిపోతాయి. మా అమ్మ ప్రేమకొద్దీ ప్రతి రాత్రీ దిండు పెట్టేది, నేను తీసేసేవాణ్ని, అర్ధరాత్రి లేచి చూస్తే మళ్లీ అక్కడే ఉండేది.

వెల్లకిలా పడుకుని స్టంప్ కింద చుట్టిన దుప్పటి పెట్టి, దాన్ని కిందకి నొక్కుతూ నడుము పైకి లేపడం ఒకటి. ఇది మాత్రం వ్యాయామం, పది నిమిషాల్లో దుప్పటి తీసేస్తారు, పైన చెప్పిన దిండులా రాత్రంతా ఉంచరు. పక్కకి తిరిగి పడుకుని కాలు పైకి ఎత్తడం రెండోది. మూడోది అసలు ముఖ్యమైనది: కృత్రిమ కాలు వేసుకుని, గోడ పక్కన నిలబడి, మంచి కాలు గాల్లోకి లేపి ఆ కాలి మీదే నిలబడటం. మొదట్లో మూడు సెకన్లు నిలబడితే గొప్ప. ముప్పై సెకన్లు గోడ ముట్టుకోకుండా నిలబడగలిగిన రోజు మీకు ఆ కాలి మీద నమ్మకం వచ్చినట్టు. వంటింట్లో టీ కాగేదాకా నేను ఇదే చేసేవాణ్ని, రెండుసార్లు టీ పొంగిపోయింది.

సాకెట్: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

సాకెట్ అంటే స్టంప్ దిగే గిన్నె. బ్లేడ్ పేరు అందరికీ తెలుసు, సాకెట్ గురించి ఎవరూ అడగరు. నా మాట నమ్మండి, మధ్యరకం బ్లేడ్‌తో మంచి సాకెట్ ఉన్నవాడు పరిగెత్తుతాడు, ఖరీదైన బ్లేడ్‌తో పాడు సాకెట్ ఉన్నవాడు చంక కర్రలతో ఇంట్లో కూర్చుంటాడు. రెండోది నేనే. నా మొదటి పరుగు సాకెట్ ఎక్కడ చేయించానో చెప్పను గానీ, కాలి ముందు ఎముక అంచున నొక్కుతోందని మూడుసార్లు వెళ్లి చెప్పాను, మూడుసార్లూ "అలవాటైపోద్ది బాబూ" అన్నారు. అలవాటవ్వలేదు, పుండు పడింది. రెండు నెలలు ఏ కాలూ వేసుకోకుండా ఉండాల్సొచ్చింది. చర్మం రాయిలా గట్టిపడాలి అనే మాట ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

చేయించుకునేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్తాను. ప్రాస్థెటిస్ట్‌కి, అంటే కృత్రిమ కాళ్లు చేసే నిపుణుడికి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, మొహమాటం వద్దు. కొలతలు తీసి, పిఒపి (ప్లాస్టర్) అచ్చు గానీ స్కాన్ గానీ చేశాక, నేరుగా కార్బన్ సాకెట్ చేసిస్తానంటే ఒప్పుకోకండి, ముందు టెస్ట్ సాకెట్ కావాలనండి. అది గాజులా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గిన్నె. అందులో కాలు పెట్టి బరువు మోపితే లోపల చర్మం ఎలా ఉందో బయటికి కనపడుతుంది. ఎక్కడ తెల్లగా పాలిపోయిందో అక్కడ మితిమీరి నొక్కుతోంది. ఎక్కడ ఖాళీ కనపడుతోందో అక్కడ కాలు జారుతుంది. మోకాలి చిప్ప కింద ఉండే గట్టి నరం లాంటి బద్దె, పిక్క కండ, ఇవి బరువు మోయగలవు. ముందు ఎముక అంచు, దాని కొన, మోకాలికి బయటివైపు చిన్న బుడిపెలా తగిలే ఎముక, ఇవి మోయలేవు. ఆ మూడు చోట్లా వదులు ఇచ్చారో లేదో వేలు పెట్టి చూపించి మరీ అడగండి.

కూర్చుని నిలబడి సరిపోయిందనుకోకండి. అక్కడే మెట్లెక్కండి, దిగండి, మోకాలు బాగా వంచండి. పరుగులో మోకాలు నడకకంటే ఎక్కువ వంగుతుంది కాబట్టి సాకెట్ వెనక అంచు కాస్త కిందికి ఉండాలి, లేకపోతే తొడ వెనక ఉండే గట్టి బద్దెలు ఒరుసుకుపోతాయి. కాలు ఊడకుండా పట్టి ఉంచడానికి రకరకాల పద్ధతులున్నాయి. లైనర్ చివర పిన్ను ఉండి టక్కున బిగుసుకునేది నడకకి బాగానే ఉంటుంది, కానీ పరుగులో కాలు గాల్లోకి లేచిన ప్రతిసారీ స్టంప్ కొనని పిన్ను కిందికి లాగుతుంటుంది, ఆవు పొదుగు పితికినట్టు. దూరాలు పరిగెత్తాలనుకునేవాళ్లకి గాలి పీల్చి పట్టే సక్షన్ గానీ వ్యాక్యూమ్ గానీ నయం. నేను పిన్ను నుంచి సక్షన్‌కి మారాక స్టంప్ కొన దగ్గర ఊదారంగు మచ్చ పోవడానికి నాలుగు నెలలు పట్టింది.

స్టంప్ సాక్స్ రెండు మూడు మందాల్లో ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి. పొద్దున బిగుతుగా ఉన్నది మూడు కిలోమీటర్లయ్యేసరికి వదులవుతుంది, స్టంప్ కుంచించుకుపోతుంది, అప్పుడొక సాక్ పెంచాలి. ఉల్టా కూడా జరుగుతుంది. ఒక సంక్రాంతికి అత్తారింట్లో అరిసెలు, బొబ్బట్లు లాగించి మూడు కేజీలు పెరిగి వచ్చాను, కనుమ తెల్లారి సాకెట్‌లోకి కాలు దిగలేదు.

ఇప్పుడు బ్లేడ్

వాన్ ఫిలిప్స్ అనే అమెరికన్‌కి 1976లో వాటర్ స్కీయింగ్ చేస్తుండగా మోటార్ బోటు తగిలి మోకాలి కింద కాలు పోయింది, అప్పటికి 21 ఏళ్లు. ఆస్పత్రిలో ఇచ్చిన చెక్క, రబ్బరు కాలు నచ్చక, కాళ్ల తయారీ చదువుకుని, చిరుత వెనక కాలు వంపు చూసి కార్బన్ ఫైబర్‌తో స్ప్రింగు లాంటి పాదం చేశాడు. ఇప్పుడు మనం చీతా అంటున్న బ్లేడ్ ఆ వంశంలోదే. ఆయన కంపెనీని 2000లో ఐస్‌లాండ్‌కి చెందిన ఆసుర్ కొనుక్కుంది. జర్మనీకి చెందిన ఆటోబాక్ కూడా బ్లేడ్లు చేస్తుంది. పేర్లు తెలుసుకోండి గానీ పేరు చూసి కొనకండి.

బ్లేడ్‌లో మోటారేమీ లేదు. కార్బన్ పొరలు మీ బరువుకి వంగి, మళ్లీ నిటారవుతూ మిమ్మల్ని తోస్తాయి. మీరెంత తొక్కితే అంత తిరిగిస్తుంది, అందులోనూ కాస్త తనే ఉంచుకుంటుంది. వడ్డీ మాత్రం ఇవ్వదు. మంచి కాలికి పిక్క కండరం సొంతంగా బలం పుట్టిస్తుంది, బ్లేడ్‌కి ఆ యోగం లేదు. "బ్లేడ్ ఉంటే మాకంటే స్పీడుగా పోతావేమో" అని కుర్రాళ్లు నవ్వుతుంటారు, వాళ్లకి ఇదే చెప్తాను.

ఆకారాలు ముఖ్యంగా రెండు. ఇంగ్లీషు సి అక్షరంలా వంగి సాకెట్ కిందే బిగించేది మెల్లగా, ఎక్కువ దూరం పరిగెత్తేవాళ్లకి. జె అక్షరంలా పొడవుగా ఉండి సాకెట్ వెనక నుంచి బిగించేది స్ప్రింట్‌కి. మొదటిసారైతే సి రకమే నయం, కాస్త నిలకడగా ఉంటుంది. స్టంప్ బాగా పొడవుగా ఉంటే కింద చోటు చాలదు, అప్పుడు వెనక బిగించేదే గతి. రకం తర్వాత గట్టిదనం. మీ బరువు, మీరు చేసే పరుగు చూసి కంపెనీ చార్టులో ఒక కేటగిరీ ఇస్తారు. ఇక్కడ బరువు అబద్ధం చెప్పకండి. మెత్తది తీసుకుంటే పూర్తిగా అణిగిపోయి విరిగే ప్రమాదం, గట్టిది తీసుకుంటే వంగదు, దుడ్డుకర్ర మీద గెంతినట్టే.

బ్లేడ్ అమర్చేటప్పుడు మంచి కాలికంటే కొంచెం పొడవు పెడతారు, తొక్కినప్పుడు అణుగుతుంది కాబట్టి. అందుకే అది వేసుకుని ఊరికే నిలబడితే నడుము ఒక పక్కకి ఒరుగుతుంది, మడమ లేదు కాబట్టి ఒకచోట నిలకడగా ఉండలేరు కూడా. బ్లేడ్ వేసుకుని బీసెంట్ రోడ్డులో షాపింగ్ చేద్దామనుకుంటే కుదరదు. మామూలు కాలు ఎలాగూ కావాలి. జైపూర్ పాదం ఉంటే దాన్ని తక్కువగా చూడకండి, 1968 నుంచి మన దేశంలో లక్షల మందిని నడిపించింది, పొలం గట్టు మీదికీ, బాసింపట్టు వేసుకుని కూర్చోడానికీ దానికి సాటి లేదు. దాని పని వేరు, దీని పని వేరు.

అడుగున రబ్బరు సోల్ అరిగిపోతుంది. కొత్తది దిగుమతి చేసుకోనక్కర్లేదు. పాత రన్నింగ్ షూ అడుగు భాగం కోయించి అంటించుకోవచ్చు. గాంధీనగర్‌లో చెప్పులు కుట్టే బాబాయి ఒకాయన నాకు చేసిపెడతాడు. మొదటిసారి బ్లేడ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మడమేది బాబూ?" అన్నాడు. లేదు బాబాయ్ అంటే, "మరి అరిగేది ముందే కదా, అక్కడ రెండు పొరలేద్దాం" అన్నాడు. నాలుగేళ్లలో అంత తెలివైన సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. ఒక్కటే జాగ్రత్త, సొల్యూషన్‌తో అంటించడమే, మేకులు కొట్టడం, బెజ్జాలు పెట్టడం అస్సలు వద్దు, కార్బన్‌కి చిన్న బెజ్జం పడినా అక్కడి నుంచే చీలుతుంది.

సెకండ్ హ్యాండ్ బ్లేడ్ దొరికితే తప్పేం లేదు, కానీ కేటగిరీ మీ బరువుకి సరిపోవాలి. వెలుతురులో పెట్టి వంపు దగ్గర తెల్లటి గీతలు, పొరలు లేచిన అంచులు ఉన్నాయేమో చూడండి. ఎక్కి ఊగితే టిక్ టిక్‌మని చప్పుడొస్తే వదిలేయండి.

మొదటి పరుగు

మొదటి రెండు వారాలు పరుగు లేదు. రెండు కుర్చీల మధ్య గానీ బాల్కనీ రెయిలింగ్ పట్టుకుని గానీ బ్లేడ్ మీద బరువు మోపి, పైకీ కిందకీ మెల్లగా ఊగడమే. ఎంత వంగుతుందో, ఎప్పుడు తిరిగి తోస్తుందో ఒంటికి తెలియాలి. తర్వాత నడక, తర్వాత ఉన్నచోటే చిన్న గెంతులు. ఈలోపు గడ్డి మీద పడటం ప్రాక్టీస్ చేయండి, నిజంగానే. చేతులు నేరుగా చాచి పడితే మణికట్టు విరుగుతుంది, మోచేతులు వంచి భుజం మీదికి దొర్లాలి. ఒకసారి కావాలని పడి లేచినవాడికి సగం టెన్షన్ పోతుంది.

నేల ఎలాంటిదో చూసుకోండి. సిమెంటు రోడ్డు, ఘాట్ల మీద నున్నటి రాయి మొదట్లో వద్దు, తడిగా ఉంటే అసలే వద్దు. ఇసుక కూడా వద్దు, బ్లేడ్ కూరుకుపోతుంది. నాగార్జున యూనివర్సిటీలో సింథటిక్ ట్రాక్ ఉంది, అనుమతి తీసుకుని అక్కడ చేయగలిగితే అంతకంటే మంచిది లేదు. బెజవాడలో నేను ఇందిరాగాంధీ స్టేడియం వైపు పోతాను, చదునైన మట్టి నేల ఏదైనా ఫర్వాలేదు.

పరుగెత్తేటప్పుడు ఒకేసారి అన్నీ సరిచేయాలని చూడకండి, వారానికొకటి. మొదటి వారం బ్లేడ్ మీద నమ్మకం: ఆ కాలు నేలని తాకగానే భయపడి ఎత్తేయకుండా బరువంతా దాని మీద వేయడం. రెండో వారం, బ్లేడ్ నేలని తాకిన క్షణం నుంచి తొడని వెనక్కి గట్టిగా లాగడం, సాకెట్ వెనక గోడని స్టంప్‌తో నెడుతున్నట్టు. మీరు చాప మీద చేసిన వ్యాయామం ఫలితం ఇక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత మంచి కాలి అడుగు. మనం తెలియకుండానే మంచి కాలిని గబుక్కున కింద పెట్టేస్తాం, బ్లేడ్ మీద ఎక్కువసేపు ఉండటం ఇష్టంలేక. దాన్ని పట్టుకోవడానికి చెవులు చాలు. తెల్లవారుజామున గ్రౌండ్ నిశ్శబ్దంగా ఉంటుంది కదా, షూ ధప్‌మంటుంది, బ్లేడ్ చప్‌మంటుంది. ధప్... చప్... ధప్... చప్ అని సమానంగా వినపడితే బాగున్నట్టు. చప్-ధప్... చప్-ధప్ అని జంటలుగా వినపడితే కుంటుతున్నట్టు. నాకు ఆ జంటలు విడిపోవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. చేతులు ఆఖరున చూసుకోండి, బ్లేడ్ ఉన్నవైపు చెయ్యి ఒంటికి అతుక్కుపోయి ఊగదు, ఫ్రెండ్‌ని పక్క నుంచీ వెనక నుంచీ స్లో మోషన్ వీడియో తీయమనండి, చూసుకుంటే మీకే నవ్వొస్తుంది.

దూరం ఎంత? ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఆరుసార్లు, అంతే. వారానికి మూడు రోజులు, మధ్యలో తప్పకుండా ఒక రోజు ఖాళీ. ఊపిరి బాగానే ఉంది కదా ఇంకో రెండు రౌండ్లు వేద్దాం అనిపిస్తుంది, వేయకండి. ఊపిరి నెల రోజుల్లో వస్తుంది, చర్మానికి చాలా ఎక్కువ టైం పడుతుంది. మంచి కాలి మోకాలు, మడమ నొప్పెడుతున్నా ఆగి చూసుకోవాలి, కొంత భారం అది అదనంగా మోస్తోంది. ఆగేటప్పుడు సడన్ బ్రేక్ వద్దు. మడమ లేదు కదా, ముందుకు తూలిపోతారు. పదడుగుల ముందు నుంచే చిన్న చిన్న అడుగులు వేస్తూ నడకలోకి దిగండి.

ఇంక కుక్కలు. బ్లేడ్ చప్పుడు వాటికి అస్సలు నచ్చదు. కృష్ణలంకలో మా సందు చివరి నల్లకుక్క మామూలు కాలుతో వెళ్తే తోకాడిస్తుంది, బ్లేడ్‌తో వెళ్తే వెంటపడుతుంది. వెంటపడితే పరుగు పెంచకండి, ఆగి నిలబడి దాని వైపు తిరగండి. నేను అందుకే బ్లేడ్ బ్యాగులో వేసుకుని మామూలు కాలుతో గ్రౌండ్‌కి వెళ్లి అక్కడ మారుస్తాను.

మన ఎండ, మన చెమట

విదేశీ వీడియోల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లకి రోహిణి కార్తె లేదు. సిలికాన్ లైనర్ గాలి ఆడనివ్వదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బెజవాడలో పొద్దున ఐదింటికే గాలి జిగటగా ఉంటుంది, పది నిమిషాల పరుగుకి లైనర్ లోపల చెమట చేరి కాలు లోపల చేపలా జారుతుంది. జారితే రాపిడి, రాపిడి అయితే బొబ్బ, బొబ్బ చిదిగితే నెల రోజులు ఇంట్లో.

కాబట్టి పది పదిహేను నిమిషాలకొకసారి ఆగండి, బాగున్నా సరే ఆగండి. బెంచీ మీద కూర్చుని కాలు విప్పి, లైనర్ తీసి వంచి, స్టంప్‌నీ లైనర్‌నీ పొడి టవల్‌తో తుడిచి, ఒక్క నిమిషం గాలి తగలనిచ్చి, మళ్లీ వేసుకోండి. లైనర్ వేసుకునేటప్పుడు పూర్తిగా తిరగేసి, కొనకి ఆనించి, గాలి బుడగ మిగలకుండా పైకి చుట్టుకుంటూ రావాలి. ఓసారి మే నెలలో నేను లైనర్ వంచితే చెమట ధారకట్టింది. పక్క బెంచీలో వాకింగ్‌కొచ్చిన పెద్దాయన చూసి, "ఏంటి బాబూ, కాల్లో నీళ్లు తెచ్చుకున్నావా?" అన్నాడు. అవునండీ, దాహమేస్తే తాగుదామని అన్నాను. ఆయన రెండు రోజులు నా పక్కన కూర్చోలేదు.

పౌడర్ చల్లకండి, చెమటతో కలిసి ముద్దయి గీరుతుంది. పరుగుకి ముందు నూనె, లోషన్ కూడా వద్దు, అవి రాత్రి పడుకునేటప్పుడు. చెమట మరీ ఎక్కువైతే రాత్రిపూట స్టంప్‌కి రాసుకునే చెమట తగ్గించే మందులున్నాయి, చర్మం డాక్టర్‌ని అడిగి వాడండి. రోజూ లైనర్‌ని మైల్డ్ సబ్బుతో కడిగి నీడలో ఆరేయండి, ఎండలో కాదు, స్పిరిట్ పెట్టి తుడవడం కాదు. వీలైతే రెండు లైనర్లు ఉంచుకుని మార్చుకుంటూ ఉండండి. వెంట్రుకల కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు వస్తే స్టంప్ గొరిగారేమో గుర్తు చేసుకోండి, గొరగకూడదు. పొక్కులు మానేదాకా పరుగు బంద్.

మోకాలి పైన పోయినవాళ్లకి

మీ పని కష్టం, దాపరికం లేదు. తుంటి ఒక్కటే మోకాలి పనీ, మడమ పనీ కూడా చెయ్యాలి. నడక కోసం చేసిన కృత్రిమ మోకాలు కీలు పరుగు వేగానికి ముందుకు తిరిగి రాదు, అందుకని మంచి కాలు మీద రెండుసార్లు గెంతాల్సొస్తుంది. 1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు, క్యాన్సర్‌తో మోకాలి పైన కాలు పోయినవాడు, ఇలాంటి మామూలు నడక కాలుతోనే గెంతుతూ 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. ఆయన్ని చూసి మీరూ నడక కాలుతోనే మొదలుపెట్టకండి, ఆయన స్టంప్ నుంచి రక్తం కారేది. ఇప్పుడు పరుగు కోసమే చేసిన మోకాలు కీళ్లు ఉన్నాయి. అది కొనలేకపోతే కీలు లేకుండా సాకెట్‌కి నేరుగా బ్లేడ్ బిగించి, కాలిని పక్క నుంచి తిప్పుతూ పరిగెత్తడం ఇంకో దారి, చాలామంది అలాగే మొదలుపెడతారు, కీలు మడిచి పడేస్తుందన్న భయం ఉండదు. కీలు ఉంటే మాత్రం, నేలని తాకే ముందే తొడని వెనక్కి లాగడం మొదలవ్వాలి, లేటైతే మోకాలు మడతపడుతుంది. పక్కన ఫిజియో లేకుండా ఇది ఒంటరిగా చేయొద్దు.

డబ్బులు, కాగితాలు, పోటీలు

పరుగు కాలు మొత్తం అంటే బ్లేడ్, సాకెట్, లైనర్ కలిపి లక్షల్లో మాట. ఉచిత క్యాంపుల్లో, ఆలింకో (కృత్రిమ అవయవాలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా వచ్చేవి ప్రధానంగా నడక కాళ్లు, అవి తీసుకోండి, వద్దనకండి, కానీ వాటితో గెంతొద్దు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యుడిఐడి కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) రెండూ చేతిలో ఉంచుకోండి, సాయం ఎవరిని అడిగినా, పోటీకి పేరిచ్చినా మొదట అడిగేవి అవే. హైదరాబాద్‌లో ఆదిత్య మెహతా ఫౌండేషన్ లాంటివి దివ్యాంగ క్రీడాకారులతో పనిచేస్తున్నాయి, నేరుగా రాసి అడగండి. అడిగేటప్పుడు "బ్లేడ్ ఇప్పించండి" అని కాకుండా, ఇన్ని నెలలుగా ఇంత నడుస్తున్నాను, ఇదిగో వీడియో, నా బరువు ఇంత, ప్రాస్థెటిస్ట్ ఇచ్చిన కొటేషన్ ఇదీ అని పంపండి.

పోటీలకు వెళ్తే క్లాసులుంటాయి. కృత్రిమ కాలుతో పరిగెత్తేవాళ్లలో ఒక కాలు మోకాలి కింద పోయినవాళ్లు టి64, పైన పోయినవాళ్లు టి63, రెండు కాళ్లూ కింద పోతే టి62, పైన పోతే టి61. రెండు కాళ్లూ బ్లేడ్లయితే ఎంత ఎత్తు పెట్టుకోవచ్చో కూడా రూల్ ఉంది. విసిరే ఆటలకి టి బదులు ఎఫ్ వస్తుంది. మన దేశపు జావెలిన్ క్రీడాకారుడు సుమిత్ ఆంటిల్ 2015లో బైక్ ప్రమాదంలో మోకాలి కింద కాలు పోగొట్టుకుని, ఎఫ్64 జావెలిన్‌లో టోక్యో పారాలింపిక్స్‌లో 68.55 మీటర్లు, పారిస్ పారాలింపిక్స్‌లో 70.59 మీటర్లు విసిరి రెండు స్వర్ణాలు తెచ్చాడు. పరుగు సరదాకే అయితే ఈ గొడవేమీ అక్కర్లేదు, ఊళ్లో జరిగే 5కే రన్‌లో పేరిచ్చి అందరితో పాటే పరిగెత్తండి. మేజర్ డి.పి. సింగ్ అనే సైనికాధికారి కార్గిల్ యుద్ధంలో గాయపడి కాలు పోయిన పదేళ్లకి, 2009లో, మొదటి హాఫ్ మారథాన్ పరిగెత్తారు. తొందరేం లేదు.

రేసు రోజు కొత్త లైనర్, కొత్త సాక్ వేయకండి. ముందురోజు రాత్రి బోల్టులు వదులయ్యాయేమో చూసుకోండి, వదులుగా ఉంటే బిగించేది ప్రాస్థెటిస్టే, మీరు తిప్పితే బ్లేడ్ కోణం మారిపోతుంది. బ్యాగులో రెండో లైనర్, రెండు మందాల సాక్స్, పొడి టవల్, చిన్న అద్దం, మంచినీళ్లు, మామూలు కాలు. ఆటోకి డబ్బులు విడిగా పెట్టుకోండి, మధ్యలో మంట మొదలైతే ఆపేసి ఇంటికి రావడానికి.